మందకాపు కుక్క: కాయము, స్వభావము
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



రాత్రివేళ తోడేలు గొర్రెల దొడ్డిలో పడినచో, ఒక కుటుంబము ఏండ్ల తరబడి కూడబెట్టుకొనిన సొత్తు తెల్లవారునప్పటికి లేకుండ పోవును. ఈ సంగతి మేము మీకు చెప్పనక్కరలేదు. 2019 పశుగణన ననుసరించి గొర్రెల సంఖ్యలో దేశమున తెలంగాణకు ప్రథమ స్థానము, ఆంధ్రప్రదేశ్‌కు ద్వితీయ స్థానము లభించినవి. తెలంగాణలో సుమారు 1 కోటి 90 లక్షల గొర్రెలు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షల గొర్రెలు లెక్కకు వచ్చినవి. ఇంతటి సంపదకు పలుచోట్ల రాత్రి కాపు ఒక కాపరియు, ఒక కఱ్ఱయు, ఒకటి రెండు కుక్కలును మాత్రమే. కావున మంచి మందకాపు కుక్క యెట్లుండునో తెలిసికొనుట అవసరము. ఈ పనిలో లోకప్రసిద్ధి గాంచిన ఒక జాతిని గూర్చి నేడు ముచ్చటించెదము.

టర్కీ దేశపు నడిమి భాగమున, సివాస్ ప్రాంతములో కంగాల్ అను పట్టణము కలదు. అది ఎత్తైన పీఠభూమి. శీతకాలమున మంచు కప్పును. వేసవిలో ఎండ మాడ్చును. అచ్చటి కాపరులకు తోడేళ్ల బెడద తరతరములుగా ఉన్నది. ఆ బెడదకు విరుగుడుగా వారు పెంచుకొనిన కుక్కకు ఊరిపేరే నిలిచి కంగాల్ కుక్క అయినది.

మగకుక్క భుజము కడ 72 నుండి 78 సెంటీమీటర్ల ఎత్తు, 48 నుండి 60 కిలోల బరువు ఉండును. ఆడుకుక్క ఎత్తు 65 నుండి 73 సెంటీమీటర్లు, బరువు 40 నుండి 50 కిలోలు. మన ఊరకుక్కలు రెండు మూడింటిని కలిపి తూచిన గాని అంత బరువు రాదు. మేని రంగు లేత గోధుమవన్నె. ముట్టెయు, చెవులును నలుపు. అందుచేతనే దానిని ‘కరాబాష్’ అనియు పిలుతురు, అనగా నల్లతల. తోక వీపుపైకి చుట్టుకొని యుండును. తోడేలు గొంతుక పట్టును గనుక, కాపరులు కుక్క మెడకు ఇనుప ముండ్ల పట్టెడ తొడుగుదురు. దాని తిండి మాత్రము సామాన్యమే. యవలపిండిని నీళ్లలో కలిపి పెట్టుట అచ్చటి పాత వాడుక.

ఈ కాయమును చూచి, అది ఎల్లప్పుడు పోరాడుచుండునని తలచరాదు. వాసన తగిలినతోడనే మొదట మొరుగును. పిదప మందకును, వచ్చిన మృగమునకును నడుమ నిలుచును. గాయపడిన తోడేలు వేటాడజాలదు, ఆకలితో చచ్చును. కావున పెద్ద కుక్కను చూచి తోడేలు తరచుగా మరలిపోవును. మరలనిచో కుక్క పైబడును. తరిమిన పిదప దూరము పోక మంద కడకు తిరిగి వచ్చును. వెంటబడి పోయినచో వెనుకనుండి రెండవ తోడేలు వచ్చును గదా!

మందను తోలు కుక్క వేరు, మందను కాచు కుక్క వేరు. తోలు కుక్క కాపరి ఈలను విని గొర్రెలను అదలించును. కాచు కుక్కకు మూడు గుణములు కావలెను: గొర్రెకు హాని చేయరాదు, మందను విడువరాదు, అపాయము వచ్చినప్పుడు వెనుదీయరాదు. కాపరి నిద్రించుచున్నను తానే నిర్ణయించుకొనవలెను. ఈ స్వతంత్ర బుద్ధియే మంద కడ మేలు, ఇంటి కడ చిక్కు.

ఇట్టి స్వభావము కొంత పుట్టుకవలన, కొంత పెంపకమువలన వచ్చును. ఆరు మొదలు ఎనిమిది వారముల వయస్సుననే పిల్లను గొర్రెల నడుమ విడువవలెను. మొదటి మూడు నాలుగు మాసములలో ఎవరితో మెలగునో వారినే తనవారిగా ఎంచును. ఏడాది లోపున ఆటకై గొర్రెపిల్లలను తరుముట, ఉన్ని కొరుకుట కలదు. కాపరి అప్పుడే అదుపు చేయవలెను. పూర్తిగా నమ్ముటకు రెండేండ్లు పట్టును.

నమీబియా దేశమున రైతులు తమ మేకలను, గొర్రెలను కాపాడుకొనుటకై చీతాలను కాల్చుచుండిరి. 1994 నుండి చీతా సంరక్షణ నిధి అను సంస్థ ఈ టర్కీ సంతతి కుక్కపిల్లలను రైతులకిచ్చుచున్నది. 2005లో ప్రచురింపబడిన పరిశీలనలో, జవాబిచ్చిన రైతులలో నూటికి 70 మందికి పైగా తమ నష్టము బాగుగా తగ్గినదని తెలిపిరి. మందయు నిలిచెను, మృగమును బ్రదికెను.

అదే కుక్కను నగరములో గొలుసుతో కట్టి, పనిలేక ఉంచినచో ఏమగును? 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ, ప్రమాదకరమని తలచిన 23 రకముల కుక్కల పెంపకమును నిషేధింపుమని రాష్ట్రములకు వ్రాసిన లేఖలో కంగాల్ పేరును ఉండెను. ఆ లేఖను కర్ణాటక ఉన్నత న్యాయస్థానము 2024 ఏప్రిల్‌లో కొట్టివేసెను. న్యాయ విషయము అటుండనిండు. మంద కడ రక్షకుడైనది, మందలేని చోట పొరుగువారికి భయకారణము కాగలదు.

కావున మేము కంగాల్ కుక్కలను తెప్పించుకొమ్మని చెప్పుటలేదు. అమెరికాలోని నవాహో కాపరులు నాటుకుక్కల పిల్లలనే గొర్రెల నడుమ పెంచి మందకాపుకు వాడుకొనుచున్నారు. మన కాపరులును మంచి ఊరకుక్క పిల్లను ఎన్నుకొని అట్లే పెంచి చూడవచ్చును. ఆ కుక్క దారిన పోవు మనిషిపై పడకుండ చిన్ననాటనే మనుష్యులకును అలవాటు చేయవలెను.

పంచాయతీలు చేయదగినవి మూడు కలవు. పశువైద్యుని పిలిపించి మందకాపు కుక్కలన్నింటికి ఏటేట పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించుడు. పురుగుల మందు త్రాగించుడు. గొర్రె తలను పచ్చిగా కుక్కకు వేయరాదని చాటింపు వేయించుడు. గొర్రె మెదడులోని తిత్తులు కుక్క ప్రేగులలో బద్దెపురుగులగును. వాని గ్రుడ్లు పచ్చికపై బడి మరల గొర్రెలకు చేరును. ఆ గొర్రెలు గుండ్రముగా తిరుగుచు పడి చచ్చును. ఇక మూడవది: చచ్చిన గొర్రెకు విషము పూయు అలవాటును మాన్పించుడు. ఆ విషము కాపరి కుక్కనే ముందు చంపవచ్చును. తోడేలును చంపుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము కూడ.

రాబోవు పంచాయతీ సమావేశమునకు మీ ఊరి గొర్రెల కాపరులను పిలిచి, వారి అనుభవమును విని, ఈ మూడింటిని నిర్ణయింపవలెనని కోరుచు సెలవు గైకొనుచున్నాము.