ప్రార్థనయు ధర్మకార్యమును

అరకులోయ మొదలు గోదావరి గట్లవరకు వ్యాపించిన తూర్పు కనుమలలో మానవుడు తలపెట్టిన కార్యములు అనేకములు. వానిలో కొన్ని నిలిచినవి, కొన్ని నడుమనే ఆగిపోయినవి. నిలుచునది ఏది యను ప్రశ్నకు క్రైస్తవధర్మ మొసగు సమాధానమును నేడు శ్రోతలకు మనవి చేసెదను.

క్రొత్త నిబంధనలోని అపొస్తలుల కార్యములందు కొర్నేలి కథ కలదు. అతడు కైసరయ పట్టణమందలి రోమా శతాధిపతి, యూదుడు కాడు. అయినను నిత్యము దేవుని ప్రార్థించుచు, బీదలకు ధర్మము చేయుచుండెడివాడు. ఒకనాడు దేవదూత యతనికి గనబడి, అతని ప్రార్థనలును ధర్మకార్యములును దేవుని సన్నిధికి జ్ఞాపకార్థముగా చేరినవని తెలిపెను. ఆ రెండును ఇచట జంటగా చెప్పబడుట గమనింపదగినది. ప్రార్థన హృదయమును మెత్తపరచును. ఆ మెత్తదనము చేతులలోనికి వచ్చినప్పుడు ధర్మకార్యమగును.

ఇట్టి జంట మన మన్యములో ఎట్లు పనిచేసెనో చూతము. 19వ శతాబ్ది మధ్యమున గోదావరిని మధ్యభారతమువరకు పడవల బాటగా మార్చి, అచటి ప్రత్తిని తీరమునకు దింపవలెనని సర్ ఆర్థర్ కాటన్ మొదలగువారు సంకల్పించిరి. భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెమువద్ద ఆనకట్టయు, కాలువయు నిర్మాణము కాజొచ్చెను. ఆ పనులను నడపిన హేగ్, కొర్నేలివలెనే సైనికోద్యోగి, ప్రార్థనాపరుడు. చుట్టునున్న కోయల స్థితి ఆతని హృదయమును కదల్చెను. ఆతని ప్రోత్సాహముచే 1860 ప్రాంతమున కోయలనడుమ సేవ ఆరంభమయ్యెను. ఆ పనులలోనే ఉద్యోగియైన వెంకటరామరాజు క్రైస్తవుడై ఆ సేవకు పూనుకొనెను.

1871లో ప్రభుత్వము ఆ నౌకాయాన ప్రయత్నమును విరమించెను. లక్షలాది రూపాయలు వెచ్చించిన బాట నడుమనే ఆగినది. ఉద్యోగులు వెడలిపోయిరి. కాని కొలదిమందితో మొదలైన సేవ ఆగలేదు. తరువాత జాన్ కెయిన్ పెక్కు సంవత్సరములు దుమ్ముగూడెమున నివసించి, కోయల భాషను నేర్చి, వారి ఆచారములనుగూర్చి వ్రాసెను. 1889లో లూకా సువార్త కోయభాషలో వెలువడెను. అచటి స్త్రీలు లేసు అల్లిక నేర్చి జీవనోపాధిని పొందిరి. క్రైస్తవ సమాజము అచట నేటికిని కలదు.

ఇచట నొక సందేహము కలుగవచ్చును. సేవ మతములోనికి పిలుచుటకు ఎర కాదా యని కొందరు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము క్రీస్తు కొండమీది ప్రసంగమున కలదు. దానము చేయునపుడు కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియరాదనియు, ప్రార్థన తలుపు వేసికొని చేయవలసినదనియు ఆయన బోధించెను. ప్రతిఫలము కోరి చేసిన మేలు వర్తకమే. రోగి తన మతములోనికి రాకున్నను వాని పుండు కడుగగలవాడే నిజమైన సేవకుడు. మంచి సమరయుని ఉపమానమున గాయపడినవాని మతము నెవరును అడుగలేదు గదా!

కాలువకు లాభనష్టముల లెక్క కలదు. లెక్క సరిపడనినాడు అది ఆగును. ప్రేమతో చేసిన పనికి అట్టి లెక్క లేదు. అందుచేతనే అది చేసినవారు పోయిన పిమ్మటను నిలుచుచున్నది. ఈ రాత్రి మనము చేయు ప్రార్థనలో ఆకలితోనున్న పొరుగువానిని ఒక్కని తలచి, రేపు ఉదయము వాని గుమ్మమునకు పోగలిగినచో, కొర్నేలి కథ మనకును వర్తించును.