జర్నల్ ఎంత లావుండాలి?



జర్నల్, అంటే బేరింగ్‌లో తిరిగే షాఫ్ట్ భాగం, ఎంత లావుంటే క్రాంక్‌షాఫ్ట్ అంత గట్టిదని గ్రైండింగ్ మిషన్ ముందు నిలబడే మనలో చాలామంది నమ్మకం. అందులో తప్పులేదు. వ్యాసం పెరిగితే షాఫ్ట్ దృఢత్వం నాలుగో ఘాతంలో పెరుగుతుంది. కానీ ఆ లావుకు మూల్యం చెల్లించేది బేరింగ్. పొడవు, క్లియరెన్స్, ఆయిల్ మార్చకుండా వ్యాసం ఒక్కటే పెంచితే ఆయిల్ పొరలో రాపిడి మూడో ఘాతంలో పెరుగుతుంది.

ఫోర్డ్ కంపెనీ 351 ఘనపు అంగుళాల ఇంజన్లు రెండు చూడండి. రెండింటికీ స్ట్రోక్ 3.5 అంగుళాలే. విండ్సర్ ఇంజనుకు మెయిన్ జర్నల్ 3 అంగుళాలు, క్లీవ్‌లాండ్‌కు 2.75. నిమిషానికి 7000 చుట్ల దగ్గర మొదటిదాని జర్నల్ ఉపరితలం సెకనుకు 28 మీటర్ల వేగంతో జారుతుంది, రెండోది 25.6. ఆ పావు అంగుళానికి రాపిడి సుమారు 30 శాతం ఎక్కువ. అందుకే ఫోర్డ్ రేసు బ్లాకుల్లో విండ్సర్ తరహా బ్లాకుకు క్లీవ్‌లాండ్ మెయిన్ సైజు పెట్టింది.

మరి షెవర్లే ఎదురుదారిన ఎందుకు వెళ్లింది? 1955లో దాని చిన్న వి8కు మెయిన్ జర్నల్ 2.30 అంగుళాలు, కనెక్టింగ్ రాడ్ పట్టుకునే రాడ్ జర్నల్ 2.00. 1968 నాటికి 2.45, 2.10 అయ్యాయి. ఈలోగా స్ట్రోక్ 3 అంగుళాల నుంచి, 350 ఇంజన్‌లో, 3.48కి పెరిగింది. స్ట్రోక్ పెరిగితే రాడ్ జర్నల్ మెయిన్‌కు దూరం జరుగుతుంది. క్రాంక్ కొస నుంచి చూస్తే రెండు జర్నళ్ల వలయాలూ ఒకదానిపై ఒకటి పడే భాగం, అంటే ఓవర్‌ల్యాప్, తగ్గుతుంది. పాత సైజులే ఉంచితే అది 0.41 అంగుళం. లావు పెంచబట్టి 0.535 మిగిలింది. నా లెక్కలో సైజు ఎంచుకోవడం ఇక్కడే మొదలవ్వాలి: ముందు స్ట్రోక్, తర్వాత ఓవర్‌ల్యాప్, ఆ పైన వ్యాసం.

షెవర్లే 400 ఇంజన్ క్రాంక్‌ మెయిన్లను 2.65 నుంచి 2.45కు గ్రైండ్ చేసి 350 బ్లాకులో దించడం అమెరికాలో పాత అలవాటు. ఓవర్‌ల్యాప్ 0.40కి పడిపోతుంది. రోడ్డు మీద తిరిగే బండికి పరవాలేదు. పోత క్రాంక్‌తో 7000 తిప్పుతానంటే మాత్రం నేను ఒప్పుకోను. స్టాక్‌కార్ రేసుల్లో రాడ్ జర్నల్‌ను 1.888కు తగ్గించారు, దాన్ని హోండా సైజంటారు. కానీ అది మేలిరకం ఉక్కు, పైగా ఇంజన్ తరచూ విప్పుతారు. మనకది ఆదర్శం కాదు.

ఒక్క సంగతి. వ్యాసం తగ్గించేటప్పుడు జర్నల్ మూల రేడియస్ పోగొట్టకండి; పగులు మొదలయ్యేది అక్కడే. రేడియస్ పెద్దదిగా ఉంచితే బేరింగ్ షెల్ అంచు తగలకుండా ఛాంఫర్ ఉన్న షెల్స్ కావాలి. అవి బజారులో దొరుకుతాయో లేదో అడిగాకే గ్రైండింగ్ రాయి తిప్పండి.