తంగేడు పూసే చోటు మిగలాలె

(చిలుకూరు మండల సమాఖ్య వార్షిక మహాసభలో గ్రామ సంఘం ప్రతినిధి చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ఇందాక విన్నం. నేను ఒక పువ్వు లెక్క చెప్త. మా చిన్నప్పుడు బతుకమ్మకు తంగేడు పూలు కొన్నది లేదు. తెల్లారకముందే బుట్టలు పట్టుకొని బీళ్లకు, చేల గట్లకు పోయేవాళ్లం. నిరుడు సద్దులకు ఎంత తిరిగినా సగం బుట్టే నిండింది. మిగతాది కోదాడలో కొన్నం.

2014లో తంగేడును మన రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. దేశం మొత్తం చూస్తే ఇది అంతరించే మొక్క కాదు. కానీ మన ఊళ్లల్ల కండ్ల ముందే తరిగిపోతున్నది. తంగేడు మెట్టనేల మొక్క. మొరం నేలలో వాన నీళ్లతోనే బతుకుతది, నీళ్లు నిలిస్తే ఉండదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలినంక ఎడమ కాలువ కింద మన మెట్టలు మడులైనయి. ఆ నీళ్లే మనకు అన్నం పెట్టినయి, వాటిని తప్పు పట్టను. ఇక తంగేడుకు మిగిలింది గట్లు, బీళ్లు, మొరం దిబ్బలే. ఇప్పుడు గట్లకు గడ్డిమందు కొడుతున్నం. దిబ్బలు తవ్వి ట్రాక్టర్లకు ఎత్తుతున్నం.

పోయేది పండుగ పువ్వొక్కటే కాదు. మన అమ్మలు తంగేడు రొట్ట కోసి మడిలో తొక్కేవాళ్లు, అదే ఎరువు. ఇంకో సంగతి. తంగేడు పువ్వులో తేనె ఉండదు. తుమ్మెద పుప్పొడి కోసమే వచ్చి, పువ్వును పట్టుకొని ఝుమ్మని అదిరిస్తే పుప్పొడి రాలుతది. వంగ పువ్వుకూ అట్లాంటి అదురే మేలు. గట్టు మీద తంగేడు ఉంటే, దాని కోసం వచ్చిన తుమ్మెద పక్కనున్న మన వంగతోటకూ అక్కరకొస్తది.

అందుకే మూడు పనులు అడుగుతున్న. తంగేడు మిగిలిన చోట్లను ప్రతి గ్రామ సంఘం రాసుకొని, అక్కడ మొరం తవ్వొద్దని పంచాయతీని తీర్మానం అడగాలె. మన గట్లకు మందు కొట్టకుండ కొడవలితో కోసుకోవాలె, తంగేడు మొదళ్లను వదిలెయ్యాలె. ఎండిన కాయలు ఏరి విత్తనం పంచాయతీ నర్సరీకి ఇయ్యాలె. గింజ పైపొట్టు గట్టిది, వేడినీళ్లల్ల రాత్రంత నానబెట్టి పెడితే బాగ మొలుస్తది.

పూలు కోసేటప్పుడు కొమ్మలు విరవొద్దు, చెట్టుకు కొన్ని పూలు ఉంచాలె. అన్నీ కోస్తే విత్తనం ఎక్కడిది? అసలు తినేసి వడ్డీ అడిగితే ఎట్లొస్తది? అది మనకంటే బాగ ఎవరికి తెలుసు?

వచ్చే నెల గ్రామ సంఘం సమావేశాల్లో ఈ మూడు పనులు ఎజెండాలో పెట్టాలని కోరుతూ సెలవు తీసుకుంటున్న.