పాత డాబాకు ఎనభైల సోకు: హాలియాలో ఒక ఇంటి రిపేరు

పాత స్లాబు ఇల్లు ఉంది, కూలగొట్టి కొత్తది కట్టాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా అని చాలామంది అడుగుతుంటారు. ఈరోజు ఒక ఇంటి సంగతి చెప్తాను. మా మేనమామ వాళ్లది, హాలియాలో. 1986లో కట్టిన ఇల్లు. కింద రెండు మడిగెలు, పైన నివాసం.

హాలియా తెలియనివాళ్లకు ఒక ముక్క. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్‌కు పోయే తోవలో ఉంటుంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్‌కు పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లతో వరి వచ్చింది, వరి పైసలతో డాబాలు లేచాయి. ఆ డాబాలను చూడండి. చదునైన స్లాబు, పొడుగ్గా సాగిన సజ్జ, సిమెంటు జాలీలు, అడ్డగీతల ఇనుప గ్రిల్లు. పూలు, లతలు, సున్నపు బొమ్మలు ఏమీ లేవు. ఆర్కిటెక్టులు దీన్నే మోడర్నిజం అంటారు. చండీగఢ్‌లో లె కార్బుజియే చేసింది పెద్ద మోతాదులో ఇదే. మన దగ్గరికి అది పుస్తకాల్లోంచి రాలేదు. సాగర్ హిల్ కాలనీ, పైలాన్ కాలనీ క్వార్టర్లను చూసి మేస్త్రీలు నేర్చుకున్నారని నా లెక్క.

సరే, మా బావలు ఇద్దరు. హైదరాబాద్‌లో ఉంటారు. వాళ్లకు కావల్సింది పాత సినిమాల్లో జమీందారు హాలు లాంటిది. అద్దాలు, ఇత్తడి గీతలు, మెరిసే సన్‌మైకా, షాండ్లియర్, చుట్టూ లైట్లతో ఫాల్స్ సీలింగ్. నవ్వకండి, ఆ సోకుకు చరిత్ర ఉంది. 1980 డిసెంబర్‌లో మిలాన్‌లో ఎత్తోరె సోత్‌సాస్ అనే డిజైనర్ మెంఫిస్ అనే బృందాన్ని మొదలుపెట్టాడు. హోటల్ టేబుళ్ల మీద వేసే చవక లామినేట్‌ను తెచ్చి రంగురంగుల ఖరీదైన ఫర్నిచర్ చేశారు. ఫ్యాషన్ డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ మాంటేకార్లోలో తన ఫ్లాట్ మొత్తాన్ని ఆ సామాన్లతోనే నింపాడు. అదే కాలంలో మన ఇళ్లల్లో టీవీ పెట్టే షోకేసుకు సన్‌మైకా అంటించాం. వాళ్లది కళ, మనది వడ్రంగి పని అన్నారు, అంతే తేడా!

అసలు గొడవ ఫాల్స్ సీలింగ్ దగ్గర మొదలైంది. హాలు పైకప్పులో ఒక మూల నల్లటి మరక ఉంది, ఒకచోట పెచ్చు ఊడి తుప్పు సీకు కనబడుతోంది. ఇంటీరియర్ వాళ్లు చూసి, సీలింగ్ వేస్తే అది కనబడదు సార్ అన్నారు. మా చిన్న బావ సరే అన్నాడు కూడా.

ఇక్కడ ఆగి చెప్పాలి. కాంక్రీటుకు క్షారగుణం ఉంటుంది, అదే లోపలి ఇనుమును కాపాడుతుంది. ఏండ్ల తరబడి గాలి, తేమ తగిలి ఆ గుణం పోతుంది. ఆ పాత ఇళ్లల్లో సీకు కింద కవర్ కూడా తక్కువే. తుప్పు పట్టిన ఇనుము రెండు రెట్లకు మించి ఉబ్బుతుంది, ఉబ్బి కింద ఉన్న కాంక్రీటును తోసేస్తుంది. దానికి అడ్డంగా జిప్సం బోర్డు కొడితే తుప్పు ఆగదు, మీకు కనబడటం ఆగుతుంది. ఊడిన పెచ్చులు ఆ బోర్డు మీద పడతాయి. ఆ బోర్డు కింద మా అత్తమ్మ మంచం ఉంది.

నేను గట్టిగా పట్టుబట్టాను. ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలిపించాం. సుత్తితో తట్టి బోలుగా మోగిన చోటల్లా గుర్తు పెట్టాడు. వదులు కాంక్రీటు తీసేసి, సీకులు గీకి, తుప్పు ఆపే పూత వేసి, పాలిమర్ కలిపిన మాల్‌తో మూశారు. బాగా సన్నబడ్డ రెండు సీకులకు పక్కన కొత్తవి కట్టారు. పైన డాబా మీద వాలు సరిచేసి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూశాం. చుక్క దిగలేదు. బడ్జెట్‌లో దాదాపు సగం దీనికే పోయింది. బావలు ఇద్దరూ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

రెండో గొడవ గచ్చు. పాత మొజాయిక్ మీద పెద్ద టైల్స్ పరుద్దాం అన్నారు. లెక్క చూడండి. రెండు అంగుళాల మాల్, దానిమీద టైల్ అంటే చదరపు మీటరుకు 120 కిలోల దాకా కొత్త బరువు. ఇళ్లల్లో మనుషులకు, సామానుకు కలిపి స్లాబు మోయాలని డిజైన్‌లో పట్టుకునేది 200 కిలోలు. అందులో సగానికి పైగా ఎప్పటికీ దిగని బరువు పెడతామా, అదీ రిపేరు చేసిన స్లాబు మీద?

అత్తమ్మకు ఈ లెక్కలు అక్కర్లేదు. "ఆ గచ్చును ముట్టుకోవద్దు బిడ్డా, మిషన్ తిప్పుతుంటే నీళ్లు పోసింది నేను" అన్నది.

మొజాయిక్ అంటే సిమెంటులో పాలరాతి ముక్కలు కలిపి, అద్దం పట్టీల మధ్య పోసి, ఆరినాక సాన పట్టడం. అందుకే దాన్ని మళ్లీ పుట్టించొచ్చు. గరుకు రాయితో మొదలుపెట్టి నున్నటి రాయి దాకా సాన పట్టించాం, సొట్టలు అదే రంగు సిమెంటుతో నింపించాం, ఆక్సాలిక్ యాసిడ్‌తో పాలిష్ కొట్టి మైనం రాశారు. ఎర్రటి, ఆకుపచ్చటి ముక్కలు తడి చేసినట్టు మెరిశాయి. చిన్న బావ వంగి చేత్తో రాసి చూసి, ఇది మన ఇంట్లోదేనా అన్నాడు.

వైరింగ్ సంగతి వేగంగా చెప్తాను. పాత బోర్డుల్లో ఎర్తింగ్ లేదు. మొత్తం రాగి వైరు లాగించి, ఏసీకి విడిగా లైన్, మెయిన్ దగ్గర షాక్ కొడితే కట్ అయ్యే బ్రేకర్ పెట్టించాం. షాండ్లియర్ కంటే ముందు ఇది.

మిగిలిన పైసలతో సోకు ఒక్క హాలుకే వచ్చింది. ఒక గోడకు పొగరంగు అద్దం, పాత టేకు షోకేసుకు కొత్త సన్‌మైకా, అంచులకు ఇత్తడి పట్టీ. సీలింగ్ వేయలేదు, స్లాబు తెరిచే ఉంచి తెల్ల సున్నం కొట్టించాం. మళ్లీ మరక వస్తే మొదటి రోజే కనబడాలి. షాండ్లియర్ మాత్రం పెద్ద బావ తెచ్చాడు. దాని కొక్కెం ఎక్కడ వేయాలో ఇంజినీరే గుర్తు పెట్టాడు. అత్తమ్మకు అది నచ్చలేదు, దుమ్ము ఎవరు తుడవాలె అంటది. సాయంత్రం చుట్టాలు వచ్చినప్పుడు మాత్రం స్విచ్ ఆమే వేస్తది.

మీ ఇంటి పైకప్పు మీద మరక ఉంటే ఫొటో తీసి, తేదీ రాసి పెట్టుకోండి. వర్షాకాలం అయ్యాక మళ్లీ తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూసినాకే ఇంటీరియర్ వాళ్లను పిలవండి. వచ్చే ఎపిసోడ్‌లో షాబాద్ బండల గురించి మాట్లాడుకుందాం. ఉంటాను.