వెన్నుపాము బొమ్మ – రెండోసారి నేర్చుకున్న పాఠం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1984 పదో తరగతి బ్యాచ్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, టెక్నాలజీ మీద ఓ పావుగంట మాట్లాడు" అన్నారు. ముప్పయ్యేళ్ళ పైగా కరెంటు పనిలో ఉన్నవాణ్ణి. కేబుళ్ళు, సబ్‌స్టేషన్లు తప్ప నాకు తెలిసింది తక్కువ. అయితే ఈ మూడేళ్ళలో నేను నేర్చుకున్న ముఖ్యమైన పాఠం కూడా ఒక కేబుల్ గురించే. దాని పొడవు దాదాపు 45 సెంటీమీటర్లు. మందం మన చిటికెన వేలంత. బరువు 35 గ్రాములకు అటూ ఇటూ. మీ అందరి దగ్గరా ఒకటి ఉంది. దాని పేరు వెన్నుపాము.

మన సైన్సు మాస్టారు ఈ పాఠం ఎలా చెప్పేవారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రంగు సుద్దముక్కలు సొంత డబ్బుతో కొనుక్కొచ్చేవారు. ఒక కుర్రాణ్ణి బల్ల మీద కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టి, మోకాలి చిప్ప కింద డస్టర్ అంచుతో చిన్న దెబ్బ వేసేవారు. కాలు ఎగిరి తన్నేది. క్లాసంతా నవ్వేది. "ఈ తన్నమని చెప్పింది మెదడు కాదర్రా, వెన్నుపాము" అనేవారు. మాకంటే రెండేళ్ళ ముందు బ్యాచ్‌లో ఆ బల్ల ఎక్కింది మా అన్నయ్యేనట. ఇంటికొచ్చి నాకూ చేసి చూపించాడు.

నేను మాత్రం ఆ పాఠాన్ని అయిదు మార్కుల కోసం బట్టీ పట్టాను. వెన్నుపాము నుంచి 31 జతల నాడులు బయల్దేరతాయి, లోపల బూడిదరంగు పదార్థం, బయట తెలుపురంగు పదార్థం – అయిదుకి అయిదూ వచ్చాయి. పరీక్ష అయ్యాక మరిచిపోయాను.

మూడేళ్ళ కిందట అన్నయ్య డాబా మీద నీళ్ళ ట్యాంకు కడగడానికి ఎక్కి, కాలు జారి కింద పడ్డాడు. చుట్టుపక్కలవాళ్ళు పరుగున వచ్చారు. ఇద్దరు చంకల కింద, ఇద్దరు కాళ్ళ దగ్గర పట్టుకుని ఎత్తి, ఆటోలో కూర్చోబెట్టారు. ఎవరి తప్పూ కాదు, ప్రేమతో చేసిన పనే. నేను అక్కడుంటే నేనూ అదే చేసేవాణ్ణి. పడ్డప్పుడు ఎంత దెబ్బ తగిలిందో, ఎత్తినప్పుడు ఎంత తగిలిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఛాతీ ఎత్తున వెన్నుపూస విరిగి, లోపల వెన్నుపాము నలిగింది.

ఆపరేషన్ అయ్యాక మొదట్లో కుడికాలు చచ్చుబడి ఉండేది. కొన్ని వారాల తర్వాత ఒకరోజు మంచం మీద ఆ కాలు ఒక్కసారిగా ఎగిరిపడింది. వదిన సంతోషంతో ఏడ్చేసింది. అమ్మ వ్రతం చేయిస్తానని మొక్కుకుంది. "కదిలింది కదా అన్నయ్యా, ఇంకొంచెం ప్రయత్నించు" అని నేను రోజూ ఫోన్లో పోరు పెట్టాను. ఎంత ప్రయత్నించినా తాను అనుకున్నప్పుడు ఆ కాలు కదల్లేదు. అనుకోనప్పుడు మాత్రం ఎగిరిపడేది. అన్నయ్య మనసు పెట్టడం లేదని మేమంతా లోలోపల అనుకున్నాం. నేనైతే పైకే అన్నాను.

రెండో సంగతి ఇంకా విచిత్రం. ఎడమకాలు బాగానే కదిలేది. చలికాలంలో పాదాలు చల్లబడ్డాయని ఒక రాత్రి వేణ్ణీళ్ళ బ్యాగు పెట్టారు. తెల్లారి చూస్తే ఎడమ పాదం మీద రూపాయి బిళ్ళంత బొబ్బ. "కదిలే కాలే కదా, చెయ్యి వేస్తే తెలుస్తోంది కదా, కాలుతుంటే తీసేయొద్దా?" అని కసిరాను. అన్నయ్య నెమ్మదిగా, "ఒరేయ్, నిజంగా తెలియలేదురా" అన్నాడు. నేను నమ్మలేదు.

ఆ రాత్రి డిశ్చార్జి కాగితాలు తీసి మళ్ళీ చదివాను. డాక్టరు గారు మాకు చెప్పకపోలేదు. చెప్పినప్పుడు మేము వినే స్థితిలో లేం. ఒక లైనులో 'బ్రౌన్ సెకార్' అని రాసి ఉంది. మందు పేరనుకుని ఫోన్లో కొట్టాను. మందు కాదు, మనిషి పేరు. దాని కింద బొమ్మలు గీస్తూ చెప్పే వీడియో పాఠాలు వరసగా వచ్చాయి.

ఈ రకం పాఠాలు మీలో చాలామంది చూసే ఉంటారు. 2004లో సల్మాన్ ఖాన్ అనే ఆయన – సినిమా హీరో కాదు – దూరాన ఉన్న బంధువుల అమ్మాయికి లెక్కలు చెప్పడంతో మొదలైనదే ఖాన్ అకాడమీ. నల్ల పలక, రంగు గీతలు, వెనక ఒక గొంతు. వైద్య విద్యార్థుల కోసం తెల్లబోర్డు మీద మార్కర్లతో గీస్తూ చెప్పేవాళ్ళూ ఉన్నారు. ముందే గీసిన బొమ్మను చూపించడం వేరు, మన కళ్ళెదుట ఒక్కో గీతా గీస్తూ చెప్పడం వేరు. గీత ఎక్కడ మొదలైంది, ఎటు తిరిగింది, ఎక్కడ ఆగింది అన్నది మన కన్ను కూడా వెంట నడిచి చూస్తుంది. మన మాస్టారు చేసింది అదే.

అది ఇంగ్లీషు, అందులోనూ వేగం. వేగం తగ్గించి, ఆపి ఆపి చూశాను. అర్థం కాలేదు. మూడో రాత్రి నోటు పుస్తకం తీసి నేనూ గీయడం మొదలుపెట్టాను. మాకు కేబుల్‌లో మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం అని రంగులుంటాయి. ఆ మూడు రంగుల పెన్నులే తీసుకున్నాను.

ముందు వెన్నుపామును అడ్డంగా కోస్తే కనిపించే బొమ్మ. మధ్యలో సీతాకోకచిలుక ఆకారంలో బూడిదరంగు పదార్థం, చుట్టూ తెలుపు. కబుర్లు వెనక వైపు నుంచి లోపలికి వస్తాయి. ఆజ్ఞలు ముందు వైపు నుంచి బయటికి పోతాయి. తెలుపులో పొడుగాటి తీగలు, బూడిదరంగులో కనెక్షన్లు. అక్కడే నా పొరపాటు తెలిసింది. వెన్నుపామును నేను వట్టి ఫీడరు లైను అనుకున్నాను. అది సబ్‌స్టేషను కూడా. మోకాలి దెబ్బకు కాలు ఎగరడం లాంటి పనులు మెదడు దాకా పోకుండా నడుము దగ్గరే తేలిపోతాయి. మామూలుగా పైనుంచి మెదడు వాటిని అదుపులో పెడుతుంది. మధ్యలో లైను దెబ్బతింటే ఆ అదుపు పోతుంది. మొదట కొన్నాళ్ళు అంతా మూగబోతుంది. ఆ తర్వాత కింది సబ్‌స్టేషను తనంతట తాను పని మొదలుపెడుతుంది. మంచం మీద అన్నయ్య కాలు ఎగిరిపడింది అందుకే. మేము ఆశ అనుకున్నది, అన్నయ్య బద్ధకం అనుకున్నది, రెండూ కావు. బల్ల మీద డస్టర్ దెబ్బకు ఎగిరిన కాలే మళ్ళీ ఎగిరింది.

ఇక మూడు రంగుల సంగతి. ఎరుపు – మెదడు నుంచి కండరాలకు ఆజ్ఞలు తెచ్చే దారి. ఇందులో ఎక్కువ తీగలు పైన మజ్జాముఖం దగ్గరే ఒక పక్క నుంచి రెండో పక్కకు దాటేస్తాయి. అక్కణ్ణుంచి వెన్నుపాము కుడి సగంలో దిగినవి కుడికాలికే వెళ్తాయి. నీలం – మెత్తని స్పర్శ, కీలు ఏ వంపులో ఉందన్న కబురు. ఇది ఏ పక్క కాలి నుంచి వస్తే ఆ పక్కనే పైకి పోయి, మజ్జాముఖం దగ్గర దాటుతుంది. పసుపు – నొప్పి, వేడి, చలి. ఇది పైదాకా ఆగదు. వెన్నుపాములోకి వచ్చిన చోటే, ఒకటి రెండు పూసల ఎత్తు లోపలే అవతలి పక్కకు దాటి, అటు నుంచి పైకి పోతుంది.

ఇప్పుడు ఛాతీ ఎత్తున కుడి సగం మీద పెన్నుతో ఒక అడ్డగీత గీయండి. ఎరుపు తెగింది, కుడికాలు కదలదు. నీలం తెగింది, కళ్ళు మూసుకుంటే కుడికాలు ఎక్కడుందో తెలియదు. పసుపు కూడా తెగింది. కానీ ఆ పసుపు కుడికాలిది కాదు, కింద దాటి వచ్చిన ఎడమకాలిది. అందుకే ఎడమకాలు కదులుతుంది, తాకితే తెలుస్తుంది, కాలితే తెలియదు. మారిషస్‌లో పుట్టిన బ్రౌన్ సెకార్ అనే వైద్యుడు 1850 ప్రాంతంలోనే ఈ లెక్క తేల్చాడు.

గీత గీసి, పెన్ను కింద పెట్టి, చాలాసేపు కూర్చున్నాను. అన్నయ్య చెప్పింది అక్షరాలా నిజం. మర్నాడు బస్సెక్కి ఊరెళ్ళాను. నోటు పుస్తకం ముందు పెట్టి, మూడు రంగులూ మళ్ళీ గీసి చూపించాను. క్షమించమని అడిగాను. అన్నయ్య బొమ్మ వంకే చూస్తూ, "అయితే నాకు పిచ్చి పట్టలేదన్నమాట" అన్నాడు. ఇన్నాళ్ళూ తన మీద తనకే అనుమానం ఉందని నాకు అప్పుడు తెలిసింది. వదిన మాత్రం, "ఈ బొమ్మ ఆరు నెలల ముందు గీయకపోయావా మరిదీ" అంది.

మిత్రులారా, వీడియో మా అన్నయ్యను నడిపించలేదు. నడిపించింది నెలల తరబడి చేసిన ఫిజియోథెరపీ, ఆయన పట్టుదల. బొమ్మ మారుస్తే మా ఇంట్లో మనుషులను మార్చింది. కాలు ఎగిరితే దిష్టి తీయడం మానేశాం. ఎడమ పాదం రోజూ రెండుపూటలా చూస్తాం. నీళ్ళ వేడి చేత్తో చూసుకుంటాడు. ఎండలో గచ్చు మీద అడుగు పెడితే, సరిగ్గా కదలని కుడికాలే "కాలుతోంది" అని చెబుతుంది. బాగా కదిలే ఎడమకాలు చెప్పదు.

ఇంకో మేలూ జరిగింది. పాఠాల పక్కనే 'నరాలు మళ్ళీ మొలిపిస్తాం' అనే ప్రకటనలూ వచ్చేవి. డబ్బు కట్టబోయి ఆగాం. చేతిలోనో కాలిలోనో తెగిన నాడి రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్ళీ పెరగగలదు కానీ, వెన్నుపాములోని తీగలు అలా పెరగవని అప్పటికే నేర్చుకున్నాం కాబట్టి డాక్టరు గారిని ఏం అడగాలో తెలిసింది.

స్పెయిన్‌లో రమోన్ కహాల్ అని ఒక శాస్త్రవేత్త ఉండేవాడు. చిన్నప్పుడు చిత్రకారుడు కావాలనుకున్నాడు. నాన్న పట్టుపట్టి వైద్యం చదివించాడు. మైక్రోస్కోపులో చూసిన నాడీకణాలను తన చేత్తో గీసిన బొమ్మలు ఇప్పటికీ పుస్తకాల్లో ఉన్నాయి. 1906లో నోబెల్ బహుమతి వచ్చింది. గీయడం అంటే చూడటమే. మన సైన్సు మాస్టారికి ఏ బహుమతీ రాలేదు. ఆయన ఇప్పుడు లేరు. ఆయన ముందు ఒప్పుకోవాల్సినది మీ ముందు ఒప్పుకుంటున్నాను. అయిదు మార్కులు వచ్చిన నాడు నేను ఆ పాఠం నేర్చుకోలేదు మాస్టారూ.

వీడియోకి ఒక లోపం ఉంది. మనకు అర్థం కాలేదని మన ముఖం చూసి అది తెలుసుకోలేదు. మాస్టారు తెలుసుకునేవారు. అందుకే సంఘానికి రెండు విన్నపాలు.

ఒకటి. ఇప్పుడున్న సైన్సు టీచర్లు ఇదే బోర్డు మీద, తెలుగులో, రంగు సుద్దలతో ఈ పాఠం గీస్తూ చెబితే వీడియో తీయిద్దాం. కెమెరా ఖర్చు నాది. చివరి పది నిమిషాలు, పడిపోయిన మనిషిని ఏం చేయాలన్నది పిల్లల చేత చేయించి చూపిద్దాం. లేపి కూర్చోబెట్టకూడదు, వంచకూడదు, లాగకూడదు. కదలొద్దని చెప్పి, ఒకరు తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకోవాలి. 108కి ఫోన్ చేయాలి. అక్కడే ఉంటే ప్రాణానికి ప్రమాదమైతేనే కదపాలి. అప్పుడైనా తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేలా, నలుగురూ ఒక్కసారిగా, చెక్క పలకను తిప్పినట్టు తిప్పి, బల్ల మీదికో తలుపు చెక్క మీదికో చేర్చాలి. మా వీధిలో ఆ రోజు ఇది తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

రెండు. పొద్దున్న బ్యాచ్‌ల వారీగా ఫోటోకి పిలిచారు. ఈ వేదికకు ఆరు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. చేతికర్రతో అన్నయ్య మెట్ల ముందు ఆగిపోయాడు. 1982 బ్యాచ్ వాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని, ఒక్క మాటా అనకుండా అందరూ వేదిక దిగివచ్చి, కిందే ఫోటో దిగారు. వాళ్ళకు నా దండం. కానీ ప్రతిసారీ బ్యాచ్ మొత్తం దిగి రావాలా? ఇంజనీరుగా లెక్క చెబుతాను. ఆరు మెట్లు, మెట్టుకు ఆరు అంగుళాలు, ఎత్తు మూడడుగులు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల చొప్పున, 36 అడుగుల వాలుదారి, రెండు పక్కలా కమ్మీలు. ఈ హాలు పక్క గోడ వెంట సరిగ్గా సరిపోతుంది. నిన్న సాయంత్రం టేపు పెట్టి కొలిచాను. అన్నయ్య కోసమే కాదు. గురువులను చూడండి, మనల్ని మనం చూసుకోండి. ఇంకో పదేళ్ళకు ఈ మెట్లు మనలో ఎంతమందిమి ఎక్కగలం?

ప్లాను గీసి తెచ్చాను, మూడు రంగుల్లో. కార్యదర్శి గారికి ఇచ్చి సెలవు తీసుకుంటాను.