మర్దనము: చేయించుకొనువాని వంతు

తలంటు ఎరుగని తెలుగిల్లు లేదు. నరక చతుర్దశినాడు తెల్లవారకముందే పీటమీద కూర్చుండబెట్టి, మాడున నువ్వులనూనె పెట్టి తల్లి అరచేత చరచుచుండగా కునికిపాట్లు పడని బాల్యము మనలో ఎవరికి కలదు? కాని నేను చెప్పబోవునది ఆ తలంటును గురించి కాదు. రుసుము చెల్లించి, ఆ విద్య నేర్చినవారిచేత గంటసేపు ఒళ్ళు పట్టించుకొనుటను గురించి. డబ్బిచ్చి బల్లమీద పడుకొన్నచో తక్కిన పనియంతయు ఆయనదే అని తలంతుము. సగము పని మనదేనని నాకు కొంత కష్టముమీదనే తెలిసినది.

దినమంతయు మెడ వంచి కాగితములు చదువు వృత్తి నాది. కొన్నేండ్ల క్రిందట కుడిభుజము పట్టివేయగా ఒక మర్దనశాలకు వెళ్ళితిని. అచ్చటి మనిషి మంచి బలశాలి. మెడప్రక్కన మోచేయి మోపి నొక్కగానే వ్రేళ్ళ కొనలవరకు జివ్వుమని మంట పాకినది. నేను నోరు విప్పలేదు. ఓర్చుకొన్నకొలది గుణమనుకొంటిని, నొప్పి అనుటకు సిగ్గుపడితిని కూడ. మూడు దినములు బొటనవ్రేలి తిమ్మిరిచేత కలము పట్టు చిక్కలేదు.

పిమ్మట ఒకప్పుడు వ్యాయామశాలలో వస్తాదుగా ఉండిన ఒక పెద్దాయనయొద్దకు పోతిని. ఆయన చేయి వేయకముందే ప్రశ్నలు వేసెను. “ఎప్పటినుంచి బాబూ? చెయ్యి తిమ్మిరెక్కుతోందా? బి.పి., షుగరు ఉన్నాయా? రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా?” అన్నియు విని, “నొక్కితే హాయిగా ఉండే నొప్పయితే ఊరుకోండి. జివ్వుమంటే వెంటనే చెప్పండి. మీరు చెప్పకపోతే నాకెట్లా తెలుస్తుంది?” అనెను.

ఇది వట్టి మర్యాదమాట కాదు. నొప్పి మితిమీరినప్పుడు మనకు తెలియకయే ఊపిరి బిగబట్టుదుము, కండరము మరింత బిగుసుకొనును. ఆయన సడలింపజూచుచుండగా మనము బిగించుచుందుము. మెరుపువంటి పోటు, మంట, తిమ్మిరి కలిగినచో నొక్కుడు నరముపై పడుచున్నదేమో అని అనుమానింపవలెను. ఊపిరి నెమ్మదిగా విడువగలిగినంతవరకే ఒత్తిడి తగినది.

గంటలో ఒళ్ళంతయు పట్టి, పట్టిన మెడను కూడ సరిచేయుట కాని పని. ఏది ముఖ్యమో ముందే చెప్పవలెను. తాకగూడని చోటు, పడని నూనె ఉన్నచో అదియు చెప్పవలెను. భోజనమై రెండు గంటలైనను గడచిన పిమ్మట వెళ్ళుట మేలు.

వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యను చెప్పుచు, నిత్యము అభ్యంగనము చేసికొనుమనియు, తలకు, చెవులకు, పాదములకు విశేషముగా చేయుమనియు విధించెను. అజీర్ణము ఉన్నవారికి వలదనియు ఆయనే చెప్పెను. వలదను ఆ మాటను మనము తరచు మరతుము. నేటి పరిశోధనలనుబట్టి నడుమునొప్పికి మర్దనమువలన కొంతకాలము ఉపశమనము కలుగవచ్చును. ఒంటిలోని విషములన్నియు కారిపోవునను ప్రచారమును మాత్రము నమ్మనక్కరలేదు. ఆ పనికి కాలేయము, మూత్రపిండములు ఉన్నవి.

జ్వరము, చర్మముపై పుండ్లు, క్రొత్తగా విరిగిన ఎముక ఉన్నప్పుడు మర్దనము కూడదు. అన్నిటికంటె భయపడవలసినది మరొకటి కలదు. చాలదినములు మంచముపట్టిన పిమ్మటగాని, సిమెంటుకట్టు విప్పిన పిమ్మటగాని, దూరప్రయాణము చేసివచ్చిన పిమ్మటగాని ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వెచ్చబడి నొప్పి పుట్టినచో, “కాలు పట్టింది, కాస్త నూనె రాసి లాగండి” అనుట మన ఇండ్లలో వాడుక. అది సిరలో రక్తము గడ్డకట్టుట కావచ్చును. నొక్కినచో ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణము తీయవచ్చును. అట్టి కాలిని ఎవరిచేతను పట్టింపక వెంటనే వైద్యునికి చూపవలెను.

క్షౌరశాలలో పని ముగించి, మెడను అటునిటు త్రిప్పి టక్కుమనిపించు అలవాటు కూడ ఉన్నది. అడుగకయే ఉచితముగా చేయుదురు! మెదడునకు రక్తము కొనిపోవు ధమనులు మెడ ఎముకలగుండ పోవుచున్నవి. అవి చిరిగినచో పక్షవాతము రావచ్చును. అరుదే, కాని వచ్చినవారు కలరు. నేను చేయి అడ్డుపెట్టి వలదందును.

మర్దనమైన వెంటనే లేవరాదు, తల తిరుగవచ్చును. ప్రక్కకు ఒరిగి, కొంచెము కూర్చుండి లేవవలెను. నూనెకాళ్ళతో స్నానపుగదిలో జారిపడినవారిని ఎరుగుదును. మరునాడు కొద్దిగా నలత ఉండుట సహజమే; తిమ్మిరి నిలిచియున్నచో వైద్యుని చూడవలెను.

నా భుజము ఏమైనదందురా? నాలుగు పర్యాయములు పట్టిన పిమ్మట పెద్దాయన, “కాగితాలు కళ్ళ ఎత్తున పెట్టుకుని చదవండి బాబూ, మళ్ళీ మళ్ళీ నాదగ్గరకు రానక్కరలేదు” అనెను. చెక్కతో ఒక పీఠము చేయించుకొంటిని. మొన్న వెళ్ళినప్పుడు భుజమును గాక అరికాళ్ళను పట్టుమంటిని.