చేతిలోని మొక్క

సర్వ స్తోత్రాలూ అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కలుగుగాక!

ధర్మ సోదరులారా!

2018 అక్టోబరు 11, గురువారం. ఫజ్ర్ వేళ తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటింది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతాలలో కొబ్బరి చెట్లను కూల్చింది. జీడి తోటలను పెకలించింది. తాతలు నాటిన చెట్లు మనుమల కళ్లెదుట నేలకొరిగాయి. అటువంటి వేళ “ఇక ఎవరి కోసం నాటాలి?” అన్న ప్రశ్న పుట్టడం సహజం. దానికి మన ధర్మం చెప్పే సమాధానాన్ని నేడు స్మరించుకుందాం.

విశ్వాసి మొక్క నాటినా, విత్తనం విత్తినా, దాని నుండి మనిషి తిన్నదీ, పశువు మేసినదీ, పక్షి ఏరుకున్నదీ అతని పేర దానంగా నమోదవుతుందని దైవప్రవక్త బోధించారు. దొంగ ఎత్తుకుపోయినది సైతం దానమేనని సహీహ్ ముస్లింలోని ఉల్లేఖనం తెలుపుతోంది. ఆలోచించండి: ఆ చెట్టు నిలిచిన కాలమంతా బాటసారి తాగిన బొండాం, ఉడుత కొరికిన కాయ ఏనాడో కర్మల పత్రంలో చేరిపోయాయి. గాలి చెట్టును కూల్చగలదు గాని ఆ లెక్కను చెరపలేదు.

ప్రళయం ముంచుకొచ్చే ఘడియలోనైనా చేతిలో మొక్క ఉంటే, నాటగలిగితే నాటమని ప్రవక్త ఆదేశించినట్లు అనస్ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖించారు. ఆ మొక్క ఫలాన్ని ఎవరూ తినరు. దాని నీడన ఎవరూ కూర్చోరు. అయినా నాటమన్నారు. ఎందుకంటే మనకు అప్పగించిన పని నాటడం వరకే. గింజను చీల్చి మొలకను వెలికితీసేవాడు అల్లాహ్ అని అన్‌ఆమ్ సూరా గుర్తుచేస్తోంది.

కొబ్బరి నారుమడి వేసే రైతుకు ఈ సత్యం అనుభవమే. ముదిరిన విత్తనపు కాయలను ఏరి, మడిలో పాతి, రోజూ నీరు పోస్తాడు. మొలక కనిపించడానికే 2, 3 నెలలు పడుతుంది. మొక్క తోటకు చేరేసరికి దాదాపు ఏడాది. పొడుగు రకం కాపుకు రావడానికి మరో 6, 7 సంవత్సరాలు. ఆ కాయల నీరు తాను తాగుతాడో లేదో తెలియని వృద్ధుడు ఆ మడిని తడుపుతుంటే అది ఆరాధనే.

నష్టపోయినవాడు దుఃఖించరాదని ఇస్లాం అనదు. యాఖూబ్ (అలైహిస్సలాం) కుమారుని కోసం విలపించి చూపు కోల్పోయారు. అయినా అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని తన బిడ్డలకు చెప్పారు. దుఃఖం ధర్మసమ్మతం, నిరాశ కాదు.

కనుక సోదరులారా! వానలు పడేదాకా ఆగకండి. నీటిలో మునిగిన మంచి జీడి పిక్కలను ఎంచి, మట్టి నింపిన సంచులలో ఇప్పుడే నాటండి. పెరటిలో వంగ, మిరప నారు పోయండి. 10 మొక్కలు పెంచితే 2 పొరుగువానికి ఇవ్వండి. అతని మతం అడగకండి. తినేవాడు ఎవరైనా పుణ్యం తగ్గదు.

ఓ అల్లాహ్! మా చేతులు నాటినదాన్ని మొలిపించు. కూలిన తోటలకు మారుగా శుభప్రదమైన తోటలను ప్రసాదించు. మా హృదయాల నుండి నిరాశను తొలగించు. ఆమీన్.